‘లోపం కనిపించలేదు’: నోట్ 7 నుంచి నా ఫోన్ వైఫై దాకా, తప్పుగా రాసుకున్న రిపోర్టుల కథ

జాబ్ షీట్ మీద ఉన్నది ఒకే లైన్. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం. లోపం కనిపించలేదు."

మొన్న ఎండాకాలం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని సర్వీస్ సెంటర్ నుంచి బయటికొచ్చాను. ఫోన్‌ని బండి హ్యాండిల్ మీద హోల్డర్‌లో పెట్టి, మ్యాప్స్ ఆన్ చేసి బయల్దేరాను. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. రెండో సిగ్నల్ దాటేలోపే హెల్మెట్‌లో మ్యాప్స్ గొంతు ఆగిపోయింది. పక్కకి ఆపి చూస్తే బ్లూటూత్ లేదు, వైఫై లేదు. టోగుల్ నొక్కినా ఆన్ కావట్లేదు. అరగంట క్రితమే ‘లోపం కనిపించలేదు’ అని రాసిచ్చిన ఫోన్ ఇది.

ఈ ఫోన్ ధర 23 వేలు. కొని పది నెలలైంది. అంటే వారంటీ ఇంకా రెండు నెలలే. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే ఈ ఆర్టికల్ ఒక కంపెనీని తిట్టడానికి రాస్తున్నది కాదు. పైగా ఆ జాబ్ షీట్ చదివినప్పుడు కోపం కన్నా ముందు నాకు వచ్చింది సిగ్గు. ఎందుకంటే ఆఫీసులో నేను చేసేదీ అదే. యూజర్ ఒక బగ్ చెప్తాడు, నా ల్యాప్‌టాప్‌లో రాదు, ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ అని పెట్టి టికెట్ క్లోజ్ చేస్తాను. లంచ్‌కి వెళ్తాను. అవతల ఆ యూజర్ పరిస్థితి ఏంటో ఇప్పుడు సిగ్నల్ పక్కన ఎండలో నిలబడితే అర్థమైంది.

ఫ్యాక్టరీలో ఒక వస్తువు లోపంతో బయటికి రావడం మామూలే. కోట్లలో తయారయ్యే వాటిలో కొన్ని పోతాయి. అసలు సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. ఆ లోపాన్ని ఎవరు చూశారు, ఏమని రాశారు, ఆ రాతని నమ్మి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు అన్న దగ్గర. దీనికి మన గ్యాడ్జెట్ ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన ఉదాహరణ మీకు తెలిసిందే. కానీ ఆ కథలో అసలు పాఠం చాలామంది మర్చిపోయారు.

నోట్ 7: ఒకే పొగ, రెండు కారణాలు

శాంసంగ్ గెలాక్సీ నోట్ 7. 2016 ఆగస్టు 19న అమెరికా, దక్షిణ కొరియాతో పాటు కొన్ని దేశాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. మన దగ్గర ధర 59,900 రూపాయలు, సెప్టెంబర్ 2న సేల్. సరిగ్గా ఆ రోజే శాంసంగ్ సియోల్‌లో ప్రెస్ మీట్ పెట్టి ప్రపంచవ్యాప్తంగా అమ్మకాలు ఆపేస్తున్నామని చెప్పింది. సెప్టెంబర్ 1 నాటికి కంపెనీ దృష్టికి వచ్చిన కేసులు 35. పది లక్షల ఫోన్లకి 24 ఫోన్లలో సమస్య ఉందని లెక్క చెప్పారు. దాదాపు 25 లక్షల ఫోన్లు మార్చిస్తామన్నారు.

ఇక్కడిదాకా చూస్తే చాలా మంచి రెస్పాన్స్. అమ్మకాలు మొదలై రెండు వారాలకే అంత పెద్ద రీకాల్ అంటే చిన్న విషయం కాదు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? నోట్ 7కి బ్యాటరీలు ఇద్దరు సప్లయర్ల దగ్గర నుంచి వచ్చాయి. ఒకటి శాంసంగ్ గ్రూపులోనే ఉన్న శాంసంగ్ ఎస్‌డీఐ. రెండోది ఏటీఎల్. కాలిన ఫోన్లు చూసి, లోపం మొదటి సప్లయర్ బ్యాటరీలో ఉందని నిర్ణయానికి వచ్చారు. వాటిని పక్కన పెట్టి, మార్చిచ్చే ఫోన్లన్నిటిలో రెండో సప్లయర్ బ్యాటరీలు పెట్టారు. టికెట్ క్లోజ్.

అక్టోబర్ 5న అమెరికాలోని లూయిస్‌విల్ విమానాశ్రయంలో, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒక ఫోన్ నుంచి పొగ వచ్చింది. ప్రయాణికులందర్నీ దించేశారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ ఫోన్ నోట్ 7. అదీ పాతది కాదు, రీకాల్‌లో మార్చి ఇచ్చిన ‘సేఫ్’ ఫోన్. అలాంటివే ఇంకొన్ని కేసులు వరసగా వచ్చాయి. అక్టోబర్ 11న శాంసంగ్ నోట్ 7 తయారీనే ఆపేసింది. మొదటి ఫోన్ అమ్మి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

అసలు కారణాలు 2017 జనవరి 23న బయటికొచ్చాయి. దాదాపు 700 మంది ఇంజినీర్లు, రెండు లక్షలకు పైగా ఫోన్లు, 30 వేలకు పైగా బ్యాటరీలు టెస్ట్ చేశారు. యూఎల్, ఎక్స్‌పోనెంట్, టీయూవీ రైన్‌ల్యాండ్ అనే మూడు బయటి సంస్థలతో కూడా పరిశోధన చేయించారు. తేలింది ఏంటంటే, రెండు బ్యాటరీల్లోనూ లోపం ఉంది. కానీ రెండూ వేర్వేరు లోపాలు.

కాస్త లోపలికి వెళ్దాం. ఫోన్ బ్యాటరీ లోపల పాజిటివ్ రేకు, నెగెటివ్ రేకు ఉంటాయి. రెండూ తగలకుండా మధ్యలో సెపరేటర్ అనే సన్నటి ప్లాస్టిక్ పొర. ఈ మూడింటినీ చాప చుట్టినట్టు చుట్టి, ఒక పౌచ్‌లో పెట్టి సీల్ చేస్తారు. సెపరేటర్ దెబ్బతింటే రెండు రేకులూ తగులుతాయి, షార్ట్ సర్క్యూట్, వేడి, మంట. మొదటి సప్లయర్ బ్యాటరీలో పై కుడి మూల దగ్గర లోపలి నెగెటివ్ రేకు వంగిపోయింది. రెండో సప్లయర్ బ్యాటరీలో పాజిటివ్ ట్యాబ్‌ని వెల్డింగ్ చేసినప్పుడు ముల్లులా పొడుచుకొచ్చిన లోహపు మొనలు మిగిలిపోయాయి. అవి ఇన్సులేషన్ టేప్‌నీ సెపరేటర్‌నీ చీల్చుకుని అవతలి రేకుని తాకాయి. కొన్నిట్లో ఆ టేప్ వేయడమే మర్చిపోయారు.

నిప్పు లేనిదే పొగ రాదంటాం కదా. ఇక్కడ పొగ ఒకటే, నిప్పులు రెండు. మొదటి నిప్పు దొరగ్గానే రెండోదాని కోసం వెతకడం ఆపేశారు. ఒక లోపం దొరకడం వేరు, ‘లోపం అదొక్కటే’ అని తేలడం వేరు. ఆ తేడా రాసుకోకపోవడం వల్ల రెండో రీకాల్ వచ్చింది.

నోట్ 7 మన దేశంలో అనుకున్న తేదీకి షాపుల్లోకి రాలేదు, తర్వాత కూడా రాలేదు. అయినా సెప్టెంబర్ 9న డీజీసీఏ ఈ ఫోన్‌ని విమానాల్లో ఆన్ చేయొద్దు, ఛార్జ్ చేయొద్దు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు అని చెప్పింది. ఒక కంపెనీ తయారీ లోపం, ఆ ఫోన్ ఎప్పుడూ చేతిలో పట్టుకోని మన ప్రయాణికులకి కూడా అనౌన్స్‌మెంట్ రూపంలో వినిపించింది.

లెక్కలు కూడా మారతాయి

ఇంకో చిన్న విషయం. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ, సెప్టెంబర్ 15న అధికారికంగా రీకాల్ ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క: 92 ఫోన్లు వేడెక్కిన కేసులు, అందులో 26 కాలిన గాయాలు, 55 ఆస్తి నష్టాలు. అక్టోబర్ 13న రీకాల్‌ని 19 లక్షల ఫోన్లకి పెంచినప్పుడు చెప్పిన లెక్క: 96 కేసులు, అందులో 23 కొత్తవి, 13 కాలిన గాయాలు, 47 ఆస్తి నష్టాలు.

మళ్లీ ఒకసారి చూడండి. 92కి 23 కలిపితే 115 రావాలి, 96 ఉంది. గాయాలు 26 నుంచి 13కి తగ్గాయి. కొత్త కేసులు వచ్చినా లెక్క తగ్గింది. అంటే ప్రమాదాల మొదటి లెక్క ఎప్పుడూ చివరి లెక్క కాదు. అందుకే మనం "ఇంతమందికి అయింది" అని ఒక పోస్ట్ పెట్టేటప్పుడు పక్కన తేదీ వేయాలి. ఏ రోజుకి, ఎవరు చెప్పిన లెక్క అన్నది లేకపోతే ఆ నంబర్‌కి విలువ లేదు.

ఫ్యాక్టరీలో లోపాన్ని ఎలా రాస్తారు?

తయారీ రంగంలో పనిచేసే మీ మెకానికల్ ఫ్రెండ్‌ని ఎవరినైనా ‘8డి రిపోర్ట్’ అంటే ఏంటని అడగండి. నిట్టూర్చి మరీ చెప్తాడు. 1980లలో ఫోర్డ్ కంపెనీ పద్ధతిగా రాసి పెట్టిన ఎనిమిది మెట్లు ఇవి. ఇప్పుడు ఆటోమొబైల్ నుంచి ఎలక్ట్రానిక్స్ దాకా సప్లయర్లందరికీ ఇదే పరీక్ష పేపర్.

మొదటి మెట్టు టీమ్ పెట్టుకోవడం. రెండోది సమస్యని వర్ణించడం. మూడోది తాత్కాలికంగా నష్టాన్ని ఆపడం, అంటే స్టాక్ ఆపేయడం లాంటివి. నాలుగోది మూల కారణం వెతకడం. ఐదు, ఆరు శాశ్వత పరిష్కారం ఎంచుకుని అమలు చేయడం. ఏడు మళ్లీ రాకుండా చూడటం. ఎనిమిదోది టీమ్‌ని మెచ్చుకోవడం. ఈ చివరిది ఎంతమంది మేనేజర్లు పాటిస్తారో మీకే వదిలేస్తున్నా.

ఇందులో మనకి పనికొచ్చేవి రెండో మెట్టు, నాలుగో మెట్టు.

రెండో మెట్టులో కారణం రాయకూడదు. చూసింది మాత్రమే రాయాలి. ఇంకో నియమం కూడా ఉంది. సమస్య ఎక్కడ వస్తోందో రాస్తే సరిపోదు, ఎక్కడ రావాల్సి ఉండి కూడా రావట్లేదో పక్కనే రాయాలి. ఏ మోడల్‌లో వస్తోంది, ఏ మోడల్‌లో రావట్లేదు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు. ఈ ‘రావట్లేదు’ కాలమ్‌లోనే సగం జవాబు దాక్కుని ఉంటుంది.

నాలుగో మెట్టులో రెండు ప్రశ్నలకి జవాబు కావాలి. లోపం ఎందుకు పుట్టింది? పుట్టిన లోపం చెకింగ్‌లో దొరక్కుండా బయటికి ఎలా వచ్చింది? రెండో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. నోట్ 7 తర్వాత శాంసంగ్ ప్రకటించిన 8 అంచెల బ్యాటరీ చెక్‌లో ఎక్స్-రే, బ్యాటరీని విప్పి చూడటం, ఎక్కువ వాడకాన్ని తక్కువ రోజుల్లో అనుకరించే టెస్ట్ లాంటివి ఉన్నాయి. ఇవన్నీ ఆ రెండో ప్రశ్నకి జవాబులే. వెల్డింగ్ మొనలు రాకుండా చేయడం ఒక పని. వచ్చినా గేటు దాటకుండా పట్టుకోవడం ఇంకో పని.

ఈ మెట్ల మీద నోట్ 7ని పెట్టి చూడండి. మూడో మెట్టు, అంటే అమ్మకాలు ఆపడం, వేగంగా జరిగింది. నాలుగో మెట్టు పూర్తి కాకుండానే ఐదో మెట్టుకి దూకారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి తెలిసిన సామెత. వీళ్లు ఆకులు త్వరగానే పట్టుకున్నారు, కానీ నిప్పు ఇంకోచోట కూడా ఉందని చూసుకోలేదు.

సాఫ్ట్‌వేర్ వేషంలో వచ్చే హార్డ్‌వేర్

ఎల్‌జీ జి4 గుర్తుందా? 2015లో లెదర్ బ్యాక్‌తో వచ్చిన ఫ్లాగ్‌షిప్. వాడుతూ వాడుతూ ఉండగా ఫోన్ రీస్టార్ట్ అయ్యేది. లోగో దాకా వచ్చి మళ్లీ రీస్టార్ట్. మళ్లీ లోగో. బూట్‌లూప్.

బూట్‌లూప్ అనగానే మనలో ఎవరికైనా ముందు తట్టేది ఏంటి? అప్‌డేట్ పాడైంది, ఫ్లాష్ చేయాలి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి. లక్షణం అచ్చం సాఫ్ట్‌వేర్‌లాగే ఉంది మరి. కానీ 2016 జనవరిలో ఎల్‌జీ చెప్పింది వేరు. లోపలి భాగాల మధ్య కనెక్షన్ వదులుగా ఉండటం వల్ల ఇది వస్తోందని ఒప్పుకుంది. అంటే హార్డ్‌వేర్. ఎన్నిసార్లు ఫ్లాష్ చేసినా వదులైన కాంటాక్ట్ బిగుసుకోదు.

జి4 యూజర్లు మధ్యలో ఒక మంచి పని చేశారు. ఎల్‌జీ సీరియల్ నంబర్ మొదటి మూడు అంకెల్లో తయారైన సంవత్సరం, నెల ఉంటాయి. 505 అంటే 2015 మే. చచ్చిపోయిన ఫోన్ల సీరియల్ నంబర్ల మొదటి అంకెలు ఒకచోట చేర్చి, ఏ నెలల్లో తయారైనవి ఎక్కువగా పోతున్నాయో చూసుకున్నారు. "నా ఫోన్ పోయింది" అని వెయ్యిమంది అరిస్తే అది గోల. "నా ఫోన్ పోయింది, తయారైన నెల ఇది" అని వందమంది రాస్తే అది డేటా.

లెక్క పెట్టినవాడిదే మాట

డేటా ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ. 2015లో ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లో ‘బటర్‌ఫ్లై’ అనే పలచటి కీబోర్డ్ తెచ్చింది. దుమ్ము కణం ఒకటి కింద చేరితే చాలు, ఒక కీ నొక్కితే రెండు అక్షరాలు పడటం, లేదా అసలు పడకపోవడం. ఆపిల్ సపోర్ట్ పేజీలో ఇచ్చిన సలహా ఏంటంటే, ల్యాప్‌టాప్‌ని 75 డిగ్రీల కోణంలో పట్టుకుని గాలి కొట్టమని.

యూజర్లు మూడేళ్లు తిట్టారు. "ఎవరో కొంతమందికే" అన్న మాట మాత్రం పోలేదు. 2018 ఏప్రిల్‌లో ఆపిల్‌ఇన్‌సైడర్ అనే సైట్ వేరే దారి పట్టింది. సర్వీస్ కేంద్రాల్లోని రిపేర్ రికార్డులు సేకరించి, మోడల్ వారీగా కీబోర్డ్ కోసం వచ్చినవి ఎన్నో లెక్కపెట్టింది. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో కీబోర్డ్ సమస్యలు పాత మోడల్స్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు అని తేలింది. ఆ జూన్‌లోనే ఆపిల్ ఉచిత కీబోర్డ్ సర్వీస్ ప్రోగ్రామ్ ప్రకటించింది. 2019 నవంబర్‌లో 16 అంగుళాల మోడల్‌తో పాత రకం కీబోర్డ్‌కి వెనక్కి మళ్లింది. 2022లో అమెరికాలో ఈ కేసుని 5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది.

అందులో ఆ ఒక్క ఆర్టికల్ పాత్ర ఎంత అని చెప్పలేం. పిటిషన్లు, కోర్టు కేసులు కూడా ఉన్నాయి. కానీ ఒకటి గమనించండి. ఆ సైట్ కేవలం "ఇన్ని కీబోర్డులు పోయాయి" అని ఊరుకోలేదు. మొత్తం రిపేర్లు ఎన్ని, పాత మోడల్‌లో ఎన్ని అని పోల్చింది. భాగహారంలో కింద ఉండే అంకె లేకుండా పైన ఉండే అంకె ఏమీ చెప్పదు.

ఇది మాకూ వర్తిస్తుంది. గ్యాడ్జెట్ రివ్యూ అంటే ఒక్క పీస్‌ని పది పదిహేను రోజులు వాడి చెప్పడం. కెమెరా ఎలా ఉంది, ఛార్జింగ్ ఎంతసేపు అనేవి దాంట్లో తెలుస్తాయి. పదో నెలలో ఎండలో వైఫై పోతుందా అనేది తెలియదు. ఆ రివ్యూ రాయగలిగింది మీరే. మీ జాబ్ షీట్లే.

మీ ఫోన్‌లో లోపం వస్తే ఏం చేయాలి?

నా రెండో సర్వీస్ సెంటర్ ట్రిప్పు కూడా వేస్టయ్యాక, ఈ ఫ్యాక్టరీ పద్ధతిని నా ఫోన్ మీద ప్రయోగించాను. ఏం చేశానో వరసగా చెప్తాను, మీకూ పనికొస్తుంది.

ఒకటి. బాక్స్ తీయండి. మన దగ్గర అమ్మే ప్యాక్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. దాన్నీ బిల్లునీ ఫొటో తీసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ స్క్రీన్‌షాట్ తీయండి. రీసెట్ కొట్టే ముందే ఇవన్నీ అయిపోవాలి.

రెండు. చూసింది రాయండి, అనుకున్నది కాదు. మొదటి రెండుసార్లు నేను కౌంటర్‌లో చెప్పింది "వైఫై పోతోంది, బోర్డ్ ప్రాబ్లం అనుకుంటా" అని. అవతలి అబ్బాయి వైఫై ఆన్ చేశాడు, అయింది. "బానే ఉంది కదా సార్" అన్నాడు. అతని తప్పేం లేదు. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లి లక్షణాలు చెప్పకుండా జబ్బు పేరు చెప్పాను.

మూడు. టేబుల్ వేయండి. తేదీ, టైమ్, అప్పుడు ఏ యాప్ నడుస్తోంది, ఛార్జింగ్‌లో ఉందా, బ్యాటరీ టెంపరేచర్ ఎంత. రెండు వారాల్లో నాకు 11 సార్లు వైఫై పోయింది. ఆ 11 సార్లూ బ్యాటరీ టెంపరేచర్ 41 డిగ్రీలు దాటి ఉంది. ఉదయం పూట, ఏసీ రూమ్‌లో ఒక్కసారి కూడా పోలేదు. అదే నా ‘రావట్లేదు’ కాలమ్. చూడగానే విషయం బోధపడింది. సర్వీస్ సెంటర్‌లో ఏసీ 20 డిగ్రీల మీద పెట్టి ఉంటుంది. అక్కడ నా ఫోన్ ఎప్పటికీ ఆరోగ్యంగానే ఉంటుంది.

నాలుగు. ఒకసారికి ఒకటే మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకరోజు, ఇంకో వైఫై మీద ఒకరోజు, కవర్ తీసి ఒకరోజు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. డీబగ్గింగ్ చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు.

ఐదు. ఒకే షాట్‌లో వీడియో. స్టార్ట్ చేయగానే స్టార్-హ్యాష్-06-హ్యాష్ కొట్టి ఐఎంఈఐ చూపించండి, కట్ చేయకుండా లోపం కూడా చూపించండి. ఎడిట్ చేసిన వీడియోని ఎవరూ నమ్మరు. ఐఎంఈఐ ఉన్న వీడియోని సర్వీస్ సెంటర్‌కి మాత్రమే ఇవ్వండి, సోషల్ మీడియాలో పెట్టకండి.

ఆరు. జాబ్ షీట్ చదివాకే సంతకం. ‘కస్టమర్ కంప్లయింట్’ అన్నచోట మీరు చెప్పిన మాటలే ఉన్నాయో లేదో చూడండి. "వైఫై ఇష్యూ" అని రెండు ముక్కలు రాస్తే ఒప్పుకోకండి. ఐదు నిమిషాల్లో ఫోన్ తిరిగిచ్చేసినా సరే, వెళ్లిన ప్రతిసారీ జాబ్ షీట్ అడిగి తీసుకోండి. రేపు "మూడుసార్లు తెచ్చాను" అని మీరు చెప్పడానికి సాక్ష్యం అదే.

ఒక్క మినహాయింపు. బ్యాటరీ ఉబ్బితే ఈ టెస్టులేవీ వద్దు. మళ్లీ వస్తుందో లేదో చూద్దామని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పిన్నుతో గుచ్చకండి. ఆఫ్ చేసి, కాలే వస్తువులకి దూరంగా పెట్టి, నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. లోపల సెపరేటర్ ఎంత పలచగా ఉంటుందో పైన చదివారు కదా.

చట్టం ఎంతవరకు తోడుంటుంది?

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ అని విడిగా ఒక అధ్యాయమే ఉంది. లోపం ఉన్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారు బాధ్యత వహించాల్సిన సందర్భాలు అందులో రాశారు. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, స్పెసిఫికేషన్‌కి తేడాగా తయారవడం, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం లాంటివి.

ముందు 1915 నంబర్‌కి కాల్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, అంటే మన ఫోన్లన్నీ వచ్చేసినట్టే. ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. కానీ అక్కడికి వెళ్లినా మొదట అడిగేది కాగితాలే. చట్టం మన పక్కన నిలబడాలంటే, దానికి చదవడానికి మనం ఏదో ఒకటి రాసిపెట్టి ఉండాలి.

మూడోసారి

వారంటీకి ఇంకా మూడు వారాలు ఉందనగా మూడోసారి వెళ్లాను. ఈసారి ఒక పేజీ ప్రింట్ తీసుకెళ్లాను. పైన మూడు లైన్లు: "ఫోన్ 41 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు వైఫై, బ్లూటూత్ రెండూ ఆగిపోతున్నాయి. రీస్టార్ట్ చేసినా రావట్లేదు. చల్లబడ్డాక వాటంతట అవే వస్తున్నాయి." కింద 11 వరసల టేబుల్.

కౌంటర్‌లో అబ్బాయి చదివి లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి లోపల పనిచేసే సీనియర్ టెక్నీషియన్ బయటికొచ్చాడు. చేతిలో నా పేపరే.

"ఇది మీరే రాశారా సార్?"

"అవునన్నా. ఎందుకు?"

"వేడి మీద పోతోందంటే చిప్ కింద సోల్డర్ వదిలిందేమో అని డౌట్. బోర్డ్ పైకి పంపాలి. పంపాలంటే లోపం చూశామని మేం రాయాలి. చూడకుండా రాస్తే మమ్మల్ని తిడతారు. మీరు ముందే ఇలా ఇచ్చుంటే మొదటిసారే వేడి చేసి చూసేవాళ్లం కదా."

అరగంట కెమెరాలో 4కే వీడియో నడిపించాడు. ఫోన్ వేడెక్కింది. వైఫై పోయింది. అతని ముఖంలో చిన్న నవ్వు, నాకైతే ఫోన్ పాడైనందుకు జీవితంలో మొదటిసారి సంతోషం. వారంటీ ముగియడానికి తొమ్మిది రోజుల ముందు బోర్డ్ మార్చి ఇచ్చారు. ఇప్పటిదాకా బానే ఉంది.

పాత బోర్డ్ ఏమైందో, దాన్ని ఎవరైనా విప్పి చూశారో లేదో నాకు చెప్పేవాళ్లు లేరు. కానీ దానికి అంటించిన స్లిప్ మీద ఈసారి ‘లోపం కనిపించలేదు’ అని లేదు. ‘వేడెక్కినప్పుడు వైఫై ఫెయిల్’ అని ఉంది. నేను చూశాను. ఫ్యాక్టరీలో అదే నెలలో తయారైన ఇంకో బోర్డ్ మీద అదే మాట కనిపిస్తే, ఎవరో ఒకరు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అయినా ఉంటుంది.

ఆ సోమవారం ఆఫీసుకి వెళ్లి, ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ అని నేను క్లోజ్ చేసిన టికెట్లు వెతికాను. 14 ఉన్నాయి. వాటిలో యూజర్ కాస్త వివరంగా రాసినవి మూడు మళ్లీ తెరిచాను. ఒకటి నిజమైన బగ్. మెమరీ నిండిపోయిన పాత ఫోన్లలో మాత్రమే వస్తుంది, నా కొత్త టెస్ట్ ఫోన్‌లో ఎందుకొస్తుంది? ఆ యూజర్ ఆ మాట మొదటి లైన్‌లోనే రాశాడు. నేనే చదవలేదు.